రంగు వేసేముందు తల చూడమనండి

పోయిన మాఘమాసంలో ఒక సోమవారం. ఓపీ మొదలై పది నిమిషాలైనా కాలేదు. చీపురుపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చారు. వయసు యాభై దాటి ఉంటుంది. చీర చెంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, పక్కన కూతురు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. చెంగు తీస్తే కళ్లు కనిపించడం లేదు. రెప్పలు బూరెల్లా పొంగి మూసుకుపోయాయి. నుదురు కందిపోయింది, చెవుల వెనక నుంచి రసి కారుతోంది. ఎల్లుండి కొడుకు పెళ్లి. రెండు రోజుల క్రితం టౌన్లో పార్లర్‌కి వెళ్లి తలకు రంగు వేయించుకున్నారు.

"ఏటి బాబూ, రంగేసినాది జుత్తుకి కదా. కళ్లెందుకు మూసుకుపోనాయి?" అని అడిగారు.

ప్రశ్న న్యాయమైనదే. చాలా హెయిర్ డైలలో నలుపునిచ్చే ముఖ్యమైన రసాయనం పారాఫెనిలిన్ డైఅమైన్. మేం పొట్టిగా పీపీడీ అంటాం. ఇది పడనివారి ఒంట్లో రక్షణ వ్యవస్థ దీన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ తగిలినప్పుడు ఒకటి రెండు రోజుల్లో విరుచుకుపడుతుంది. మాడు మీద చర్మం మందం. కనురెప్పల చర్మం చాలా పల్చన. అందుకే రంగు పడేది తల మీదైనా వాపు తేలేది కళ్ల దగ్గర.

నేను ఆవిణ్ని అడిగింది ఒక్కటే. ఇంతకుముందు వేసుకున్నప్పుడు ఏమైనా అయిందా అని.

"దీపావళికి ఏసినప్పుడు చెవుల కాడ దురదొచ్చినాది. రెండ్రోజుల్లో తగ్గిపోనాది బాబూ."

ఈ మాట రంగు కలపకముందు ఎవరైనా అడిగి ఉంటే ఆవిడ కొడుకు పెళ్లిని కళ్లారా చూసేవారు. పార్లర్ అమ్మాయి అడగలేదు. అది చెప్పాల్సిన విషయమని ఈవిడకి తెలియదు. ఆ అమ్మాయిని ఒక్కదాన్నీ తప్పుపట్టలేను. ఆ రోజు ఒకే పెళ్లివారు ఎనిమిది మంది వరుసలో కూర్చున్నారట. స్టెరాయిడ్ మాత్రలతో రెండో రోజుకి రెప్పలు సగం తెరుచుకున్నాయి. పెళ్లి ఫొటోలన్నింటిలో ఆవిడ నల్ల కళ్లద్దాలతోనే ఉన్నారని తర్వాత కూతురు చెప్పింది.

అయిదు నిమిషాలు చాలు

బ్యూటీషియన్ కోర్సు చేసినవారిని అడగండి, తొలి పాఠాల్లోనే ఇది ఉంటుంది. కస్టమర్ కుర్చీలో కూర్చున్నాక, కత్తెర పట్టకముందే, జుట్టును పాయలు పాయలుగా విడదీసి మాడంతా చూడాలి. ఏ మందులు వాడుతున్నారు, ఇంతకుముందు ఏం వేయించుకున్నారు, అప్పుడేమైనా ఇబ్బంది వచ్చిందా అని అడగాలి. కార్డు మీద రాసుకోవాలి. పాఠం అందరూ చదువుతారు. సంక్రాంతి ముందు, శ్రావణమాసంలో, మా విజయనగరంలో అయితే పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు వారం, ఆ కార్డు ఎవరికీ గుర్తుండదు. కాబట్టి అడగాల్సింది మీరే. "ముందు నా తల ఒకసారి చూడమ్మా" అంటే ఎవరూ కాదనరు. చూసి "ఈ రోజు వద్దండీ" అన్నారంటే కోప్పడి పక్క పార్లర్‌కి వెళ్లకండి. మీ డబ్బు వదులుకుని మరీ చెబుతున్నారంటే అందులో నిజం ఉన్నట్టే.

రంగు విషయంలో ముందుగా ప్యాచ్ టెస్ట్ చేయించాలి. డై పెట్టెలో మడిచిపెట్టిన కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరం చదవం. వేసుకోబోయే రంగునే కొంచెం, మోచేతి మడత లోపలివైపో చెవి వెనకో రాసి 48 గంటలు ఆగాలి. దురద, ఎరుపు, పొక్కులు, ఏది వచ్చినా ఆ రంగు మీకు పనికిరాదు. ఇది మాత్రం ఇంతకుముందు ఏ ఇబ్బందీ లేనివారికే. ఒకసారి ముఖం వాచినవారు ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి, చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

"ఇరవై ఏళ్లుగా అదే కంపెనీ వాడుతున్నాను, నాకేం కాదు" అనేవారిని రోజూ చూస్తాను. ఎలర్జీకి అనుభవంతో పనిలేదు. ఎన్నోసారికైనా మొదలు కావచ్చు, మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఇంకొందరు "మేం డై వాడం, హెన్నానే" అంటారు. మన పెరట్లో గోరింటాకు రుబ్బి పెడితే ఎర్రగా, నారింజగా పండుతుంది తప్ప నల్లగా పండదు. పొడి కలిపి పెట్టిన గంటకే జుట్టు కాటుకలా అయిందంటే అందులో ఇంకేదో ఉంది, చాలాసార్లు అది పీపీడీయే. జాతరల్లో పిల్లల చేతుల మీద వేసే నల్లటి మెహందీ అచ్చులతోనూ ఇదే తంటా. పదేళ్లప్పుడు చేతికి పడ్డ రంగును ఒళ్లు గుర్తుపెట్టుకుని, ముప్పైలో తలకు వేసినప్పుడు బదులు తీర్చుకుంటుంది.

గోరింటాకు పొడులు వాడేవారు ఆ సంగతి కూడా పార్లర్లో చెప్పాలి. కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. దాని మీద పెరాక్సైడ్ ఉన్న రంగు పడితే జుట్టు వేడెక్కి, పీచులా తెగిపోతుంది. అందుకే తెలిసినవారు ముందు ఒక్క పాయ మీద వేసి చూస్తారు.

మాడు మీద ఏం కనిపిస్తుంది

మీ నడినెత్తిని మీరు చూసుకోలేరు. అద్దం ముందు నిలబడినా కనిపించేది పాపిట వరకే. మీ మాడును తరచుగా, దగ్గరగా, వెలుతురులో చూసేది మీ సెలూన్ ఆయన, మీ పార్లర్ అమ్మాయి. మన పల్లెల్లో ఒకప్పుడు నాయీ బ్రాహ్మణులే కురుపులు కోసి కట్టు కట్టేవారు, నాటువైద్యం చేసేవారు. ఆ చూపు ఇంకా పోలేదు. బొబ్బిలి దగ్గర సెలూన్ నడిపే ఒక పెద్దాయన ఏడాదికి ముగ్గురు నలుగురినైనా నా దగ్గరికి పంపుతారు. రెండేళ్ల క్రితం ఒక రిటైర్డ్ మాస్టారిని పంపారు. నడినెత్తి మీద చిన్న పుండు. దువ్వెన తగిలి గీసుకుందని మాస్టారు అనుకున్నారు. "మూడు కటింగులుగా చూస్తున్నాను, మానడం లేదు" అన్నది సెలూన్ ఆయన సాక్ష్యం. బయాప్సీ చేయిస్తే చర్మ క్యాన్సర్. చిన్నగా ఉన్నప్పుడే తీసేశారు కాబట్టి మాస్టారు ఇప్పటికీ అదే కుర్చీలో కూర్చుంటున్నారు.

ఎక్కువగా కనిపించేది చుండ్రు. పొడిగా రాలే పొట్టు అయినా, జిడ్డుగా పసుపుపచ్చగా అంటుకున్న పొట్టు అయినా, దాని కోసం సర్వీసు ఆపనవసరం లేదు. గోకి గోకి మాడు చిట్లి ఉంటే మాత్రం ఆపాలి. పొట్టు దట్టంగా, వెండిరేకుల్లా పేరుకుని నుదుటి అంచు దాటి కిందికి దిగిందంటే అది సోరియాసిస్ కావచ్చు. అంటువ్యాధి కాదు. పార్లర్లో ముఖం చిట్లించి పంపేశారని ఒక డిగ్రీ చదివే అమ్మాయి నా ముందు కూర్చుని ఏడ్చింది. కటింగ్ నిరభ్యంతరంగా చేయవచ్చు. గట్టిగా గీరడం, ఘాటు రసాయనాలు మాత్రం వద్దు. సోరియాసిస్ ఉన్నవారికి గీసుకున్నచోటల్లా కొత్త మచ్చ లేచే గుణం ఉంటుంది.

పిల్లల తల మీద గుండ్రంగా జుట్టు ఊడి, అక్కడ తెగిన వెంట్రుకలు నల్ల చుక్కల్లా కనిపిస్తూ, పొట్టు రాలుతూ, మెడ వెనక బిళ్లలు కట్టి ఉంటే అది తామర. ఇది అంటుకుంటుంది. అదే దువ్వెన, అదే మెషిన్ తర్వాతి పిల్లాడికి పెడితే వాడికీ వస్తుంది. పైపూతలతో తగ్గదు, మందు కుదురు లోపలికి చేరాలి కాబట్టి వారాల తరబడి మాత్రలు మింగాలి. మెడికల్ షాపులో ఇచ్చే మూడు మందుల కలగలుపు ట్యూబులు రాయకండి. వాటిలోని స్టెరాయిడ్ తామరను దాచిపెడుతుంది, చంపదు.

అదే గుండ్రటి మచ్చ నున్నగా, పొట్టు లేకుండా, గచ్చులా మెరుస్తూ ఉంటే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేరు అలా పడిపోయింది గానీ పేనుకి పాపం ఏ సంబంధమూ లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. ఎవరికీ అంటదు. కొందరికి దీనితో పాటు థైరాయిడ్ సమస్య ఉంటుంది, ఆ పరీక్ష చేయించుకోవాలి. గురివింద గింజ అరగదీసి రాయమని చెప్పేవారు ఊరికొకరు ఉంటారు. ఆ గింజ విషం. దాన్ని రాసుకుని పొక్కులెక్కి వచ్చినవారికి నేను ముందు పొక్కులు మాన్పి, ఆ తర్వాత అసలు జబ్బు సంగతి చూడాల్సివస్తోంది.

పేల గురించి ఒక్క మాట. ఈపి వెంట్రుకకి అతుక్కుని ఉంటుంది, గోటితో లాగితే జారదు. చుండ్రు పొట్టు ఊదితే రాలిపోతుంది. పేలున్నాయని పార్లర్లో చెబితే చిన్నతనంగా భావించకండి. బడికెళ్లే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవే. తగ్గాక వెళ్లండి.

ఇక తలనీలాలు. అరసవల్లి వెళ్లినా, సింహాచలం వెళ్లినా, బ్లేడు మీ కళ్లముందే కొత్తది పెట్టాలి. ఇది మొహమాటపడే చోటు కాదు.

జుట్టు మూడు నెలల పాత ఉత్తరం

జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. భుజం దాకా ఉన్న జుట్టు చివర రెండు మూడేళ్ల పాతది, నడుము దాటిన జడ చివర అంతకన్నా పాతది. అప్పుడు వేసిన రంగు, అప్పుడు పెట్టిన వేడి దాని మీద అలాగే ఉంటాయి. అందుకే "ఈ ఏడాది ఏమీ వేయలేదు" అన్న జవాబు చాలదు.

రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తలంటుకున్న రోజు ఇంకొన్ని ఎక్కువ. అంతకు మించి గుప్పిళ్లతో రాలుతుంటే నా దగ్గరికి వచ్చేవారు బోరు నీళ్లనో షాంపూనో పార్లర్‌నో తిడతారు. నేను క్యాలెండర్ తీసి మూడు నెలలు వెనక్కి లెక్కపెడతాను. అక్కడ టైఫాయిడో, డెంగ్యూనో, కాన్పో, ఆపరేషనో దొరుకుతుంది. సీతంపేట, పార్వతీపురం వైపు వారైతే మలేరియా కూడా. పెద్ద జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి, రెండు మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. తర్వాత వాటంతటవే తిరిగి వస్తాయి. ఆ సమయంలో స్ట్రెయిటెనింగ్, కెరాటిన్ లాంటివి చేయిస్తే మాత్రం మిగిలినవీ తెగుతాయి. నెలలు గడిచినా రాలడం ఆగకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. కాన్పైన ఆడపిల్లల్లో రక్తహీనత బయటపడడానికి జుట్టు రాలడమే కారణమైన సందర్భాలు నా ఓపీలో చాలా ఉన్నాయి.

తల కడిగే బేసిన్

మాడు చూసినవారు మెడ గురించి కూడా అడగాలి. 2022లో హైదరాబాద్‌లో యాభై ఏళ్ల మహిళ పార్లర్లో తల వెనక్కి వాల్చి షాంపూ చేయించుకుంటుండగా కళ్లు తిరిగి, వాంతులయ్యాయి. మొదట జీర్ణకోశ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లారు. మర్నాటికి నడకలో తూలు వచ్చింది. స్కాన్‌లో చిన్నమెదడులో పక్షవాతం తేలింది. ఆవిడకి బీపీ ఉంది. న్యూరాలజిస్ట్ డాక్టర్ సుధీర్ కుమార్ ఈ కేసును బయటపెట్టాక పత్రికలన్నీ రాశాయి. కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో 1993లోనే ఇలాంటి అయిదు కేసులను వైద్యపత్రికలో రాసి, బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని పేరు పెట్టారు. మెడను వెనక్కి బాగా వంచి తిప్పితే వెన్నుపూసల్లోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం నలుగుతుంది.

చాలా అరుదు. దీన్ని చదివి పార్లర్ మానేయనవసరం లేదు. బీపీ, షుగర్ ఉన్నవారు, మెడ అరిగినవారు, వయసు పైబడినవారు మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టించుకోండి, కొద్ది నిమిషాల్లో ముగించమనండి, లేదా ముందుకి వంగి కడిగించుకోండి. మగవారికి ఇంకో మాట. కటింగ్ అయ్యాక మెడ పట్టి టక్కున విరిపించుకోవడం మనకి సరదా. 2024లో బళ్లారిలో అలా విరిపించుకున్న ముప్పై ఏళ్ల వ్యక్తికి మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చింది. నాకు ఈ అలవాటు ముప్పై అయిదేళ్ల దాకా ఉండేది. ఇప్పుడు చెయ్యి మెడ దగ్గరికి రాగానే వద్దంటాను. బేసిన్ మీద నుంచి లేచాక కళ్లు తిరుగుతూ తూలుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టకండి. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు.

స్ట్రెయిటెనింగ్, కిడ్నీలు

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ వైద్యులు ఒక కేసు రాశారు. 26 ఏళ్ల యువతి, ఏ జబ్బూ లేదు. 2020, 2021, 2022లలో మూడుసార్లు సెలూన్లో జుట్టు సాపు చేయించుకుంది. మూడుసార్లూ వాంతులు, జ్వరం, నడుం నొప్పి, కిడ్నీలు దెబ్బతినడం. చేయించుకునేటప్పుడు మాడు మండిందని, పుండ్లు పడ్డాయని చెప్పింది. ఆ క్రీములో ఉన్నది గ్లైఆక్సిలిక్ యాసిడ్. చర్మం గుండా లోపలికి వెళ్లి ఆక్సలేట్‌గా మారి, ఆ స్ఫటికాలు కిడ్నీ గొట్టాల్లో ఇరుక్కున్నాయన్నది వైద్యుల నిర్ధారణ. అదే క్రీము ఎలుకలకి రాసి చూస్తే వాటి కిడ్నీల్లోనూ స్ఫటికాలు కట్టాయి. అంతకుముందే ఇజ్రాయెల్‌లో ఇలా స్ట్రెయిటెనింగ్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది వివరాలు వచ్చాయి.

మరి ఈ యాసిడ్ ఎందుకొచ్చింది? పాత స్ట్రెయిటెనింగ్ క్రీముల్లో ఫార్మాల్డిహైడ్ ఉండేది, కళ్లు మండేవి, అది మంచిది కాదని తేలింది. దాని బదులుగా వచ్చినవాటిలో ఇదొకటి. కాబట్టి "ఫార్మాల్డిహైడ్ లేదు" అన్న బోర్డు చూసి నిశ్చింతగా కూర్చోకండి. డబ్బా వెనక్కి తిప్పి గ్లైఆక్సిలిక్ అన్న పేరు ఉందేమో చూడండి.

శ్రీకాకుళం జిల్లాలో ఈ మాటకి ఉన్న బరువు వేరు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. అక్కడి జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, దానికీ పార్లర్లకీ ముడిపెట్టడం లేదు. తరాల నుంచి కొబ్బరితోటల్లో, జీడితోటల్లో పనిచేసినవారి జబ్బు అది. నేను చెప్పేది వాళ్ల కూతుళ్ల గురించి. పలాస, సోంపేటల్లో కూడా ఇప్పుడు స్ట్రెయిటెనింగ్ ఆఫర్ల ఫ్లెక్సీలు కడుతున్నారు. ఇంట్లో తండ్రికి డయాలసిస్ నడుస్తోంది, తన క్రియాటినిన్ ఎంతో ఎప్పుడూ చూపించుకోని పిల్ల పెళ్లికి ముందు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటుంది. తర్వాత వాంతులు, నడుం నొప్పి వస్తే ఉద్దానం పిల్ల కాబట్టి ఉద్దానం జబ్బే అనుకుంటాం. మేం డాక్టర్లం కూడా అలాగే అనుకుంటాం. క్రియాటినిన్ పెరిగిందని వచ్చినవారిని నొప్పిమాత్రలు వాడారా, నాటుమందు తాగారా అని అడగడం నాకు మొదటినుంచీ అలవాటు. పార్లర్‌కి వెళ్లారా అన్న మూడో ప్రశ్న 2024 తర్వాతే చేర్చుకున్నాను. అంతకుముందు ఎంతమందిని అడగకుండా పంపేశానో.

కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఇంట్లో ఆ జబ్బు ఉన్నవారు ఈ యాసిడ్ ఉన్న స్ట్రెయిటెనింగ్ జోలికి వెళ్లవద్దన్నది నా సలహా. మిగతావారు ఏ రసాయన సర్వీసుకైనా ముందు రోజు తల గట్టిగా రుద్ది అంటుకోకండి, గోళ్లతో గీరకండి. మాడు మీద సహజంగా ఉండే జిడ్డు కొంత అడ్డుకుంటుంది, గీరిన చర్మం మాత్రం రసాయనాన్ని లోపలికి తీసుకుంటుంది. పుండు, కురుపు, గీత ఉంటే మానేదాకా ఆగండి. రంగు, స్ట్రెయిటెనింగ్ ఒకే రోజు వద్దు, కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. గర్భిణులు కాన్పయ్యాక చూసుకోవడం మేలు.

కుర్చీలో ఉండగా మండితే "మంట అంటే పని చేస్తోందని అర్థం" అన్న మాట నమ్మకండి. వెంటనే కడిగేయమనండి, ధారగా నీళ్లు పోస్తూ, సగం తల అలాగే మిగిలిపోయినా సరే. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా 108. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో వాంతులు, నడుం నొప్పి, మూత్రం తగ్గడం ఉంటే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, పార్లర్‌కి వెళ్లిన సంగతి డాక్టర్ అడగకపోయినా చెప్పండి. వాడిన డబ్బా ముందూ వెనకా ఫొటో తీసి ఫోన్లో ఉంచుకుంటే మాకు సగం పని తగ్గుతుంది.